ఆన్‌లైన్ ‘గ్రీన్’ చదువు: మన స్లాబు మీద లెక్క వేసి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండలు ముదిరేసరికి పత్రికల్లో చదువుల పేజీ నిండా ప్రకటనలే. ఈ మధ్య వాటిలో ఒక రకం బాగా పెరిగింది. ఉద్యోగం మానక్కర్లేదు, ఊరు కదలక్కర్లేదు, ఆన్‌లైన్‌లో సస్టైనబుల్ ఆర్కిటెక్చర్ చదివి ఆర్నెల్లలో ‘గ్రీన్ ఆర్కిటెక్ట్’ అయిపోండి అంటాయి. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు సైట్లలో పనిచేసే సివిల్ డిప్లొమా కుర్రాళ్లు, డ్రాఫ్ట్స్‌మెన్లు, జూనియర్ ఇంజినీర్లు, ఇంటి ప్లాన్లు గీసి బతికేవాళ్లు వాటిని చూసి ఫీజులు కడుతున్నారు. చదవడం మంచిదే. కాకపోతే ప్రకటనలు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. పాఠాల్లో మన ఊరి మన్ను, మన ఎండ, మన తుపాను కనిపించవు. ఈ లోట్లు ఎలా పూడ్చుకోవాలో పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

మొదట పేరు సంగతి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివారు ‘ఆర్కిటెక్ట్’ అని పేరు పెట్టుకోకూడదు. ముందు ‘గ్రీన్’ తగిలించినా అంతే. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, నిషేధం ఆ పేరు వాడుకోవడం మీదే గాని ఆ పని చేయడం మీద లేదని తేల్చింది. కాబట్టి ప్లాన్లు గీసేవారి బతుకుతెరువుకు ఈ చట్టం అడ్డు రాదు, విజిటింగ్ కార్డు మీద ఆ మాట మాత్రం అచ్చు వేయించకూడదు. ప్లాన్ మంజూరు కాగితాల మీద ఎవరి సంతకం చెల్లుతుందన్నది మళ్లీ వేరే లెక్క, అది స్థానిక సంస్థ ఇచ్చే లైసెన్సును బట్టి ఉంటుంది. డిగ్రీ విషయానికొస్తే, దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని నడపకూడని చదువుల జాబితా యూజీసీ 2020 నిబంధనల్లో ఉంది. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రాలతో పాటు ఆర్కిటెక్చర్ కూడా అందులో ఉంది. ఎవరైనా ‘ఆన్‌లైన్ బీఆర్క్’ అంటే అక్కడే ఆగిపోవాలి. ఆన్‌లైన్‌లో దొరికేవి సర్టిఫికెట్ కోర్సులు. వాటికి విలువ లేదని మేం అనడం లేదు. ఆ విలువ ఎంతవరకో తెలుసుకుని డబ్బు కట్టాలంటున్నాం.

డబ్బు కట్టకముందే చూడాల్సింది ఎన్‌పీటీఈఎల్. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ ద్వారా నడిచే ఈ ఐఐటీ పాఠాలు వినడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. ఐఐటీ రూర్కీ వారి ‘సస్టైనబుల్ ఆర్కిటెక్చర్’, ఐఐటీ ఢిల్లీ వారి ‘సస్టైనబుల్ మెటీరియల్స్ అండ్ గ్రీన్ బిల్డింగ్స్’ ఇందులోవే. ప్రతి కోర్సూ ప్రతి సెమిస్టర్‌లో ఉండదు. జనవరిలో ఒక విడత, జూలైలో ఒక విడత మొదలవుతాయి, అప్పటి జాబితా చూసుకోవాలి. 12 వారాల కోర్సయితే వారానికి రెండున్నర గంటల వీడియో, ఒక అసైన్‌మెంటు. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుని 25 మార్కులకు కడతారు. మిగతా 75 కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా రావాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి నాలుగు వారాలు సైటు హడావుడిలో వదిలేసి, ‘8 చాలు కదా’ అనుకుంటారు. ఆ తర్వాత ఒక్కటి తప్పినా లెక్క దెబ్బతింటుంది. పరీక్ష కేంద్రం ఏ ఊళ్లోనో ఫీజు కట్టేటప్పుడే చూసుకోవాలి. బరంపురమో విశాఖపట్నమో పడితే ఒక రోజు సెలవు, రైలు టికెట్టు ముందే చూసుకోవాల్సి వస్తుంది.

కరెంటు, నెట్ సంగతి మన వైపు వారికి చెప్పక్కర్లేదు. వీడియోలు ఆదివారం నాడు వైఫై ఉన్నచోట తక్కువ సైజులో దింపుకుని, మాటల ప్రతి పీడీఎఫ్ పక్కన పెట్టుకుంటే వారం గడిచిపోతుంది. కొన్ని కోర్సులకు తెలుగు ప్రతి కూడా దొరుకుతుంది. ఒడియా మీడియంలోనో ఇంగ్లిషులోనో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు అది కొత్తగా అనిపిస్తుంది గాని, రెండు పాఠాలు చదివితే అలవాటవుతుంది.

ఇక అసలు లోటు. ఈ కోర్సుల అసైన్‌మెంట్లు చాలావరకు నాలుగింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు. గీసిన బొమ్మను ముందు పెట్టుకుని ‘ఈ కిటికీ ఇక్కడెందుకు’ అని నిలదీసే గురువు ఉండడు. ఆర్కిటెక్చర్ కాలేజీలో సగం చదువు ఆ నిలదీతలోనే ఉంటుంది. దానికి బదులు మేం సూచించే పద్ధతి ఒకటే. కోర్సు మొదలైన రోజే మీ ఊళ్లో నిజంగా ఉన్న ఒక చిన్న ఇంటిని పట్టుకోండి. ప్రతి వారం పాఠాన్ని ఆ ఇంటి మీద రుద్ది చూడండి. ఆవాస్ యోజన కింద కట్టే 25 చదరపు మీటర్ల ఇల్లు దీనికి బాగా పనికొస్తుంది. మన జిల్లాల్లో ఊరూరా ఉంది, చిన్నది, కొలవడానికి ఒక పూట చాలు.

ఆ ఇంటి స్లాబుతో మొదలుపెడదాం. యూ-విలువ అనే మాట రెండో మూడో వారంలో వస్తుంది. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే అంకె అది. క్విజ్‌లో సరైన జవాబు నొక్కడం తేలిక, చేత్తో ఒకసారి వేస్తేగాని ఒంటబట్టదు. 5 అంగుళాల స్లాబు, అంటే 125 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ. దాని ఉష్ణవాహకత, అంటే వేడిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకె, 1.58. మందాన్ని మీటర్లలో పెట్టి దాంతో భాగిస్తే 0.079, ఇది వేడిని అడ్డుకునే లెక్క. అడుగున 15 మిల్లీమీటర్ల ప్లాస్టరుకు వాహకత 0.72, భాగిస్తే 0.021. లోపలి, బయటి గాలి పొరలకు కలిపి 0.21. మొత్తం 0.31. ఒకటిని దీంతో భాగిస్తే 3.2. ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పుకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1.2. మన స్లాబు దానికి రెండున్నర రెట్లకు పైనే. మే నెలలో రాత్రి తొమ్మిదికి కూడా మంచం మీద పడుకోలేకపోవడానికి కారణం ఈ అంకెలోనే ఉంది.

మేస్త్రీని అడిగితే వెంటనే చెప్పే మందు కోబా. ఇటుక ముక్కల కోబా 100 మిల్లీమీటర్లు వేశామనుకోండి. వాహకత 0.8 అనుకుంటే కలిసేది 0.125. మొత్తం 0.435, యూ-విలువ 2.3. వాలు కుదురుతుంది, లీకు ఆగుతుంది. వేడి మాత్రం మూడో వంతు కూడా తగ్గదు, పైగా స్లాబు మీద చదరపు మీటరుకు 150 కిలోలకు పైన బరువు ఎక్కుతుంది. అదే 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురుగు పలక), వాహకత 0.035ది వేస్తే 0.714 కలుస్తుంది. మొత్తం 1.02, యూ-విలువ 1కి కాస్త లోపే. బరువు కిలో లెక్కన.

లెక్క కుదిరింది కదా అని షీటు తెచ్చి పరిచేస్తే పని చెడుతుంది. వరస ముఖ్యం: స్లాబు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్, ఆ మీద వడపోత గుడ్డ, ఆపైన నూటికి ఒకటి వాలుతో కాంక్రీటు పొర, చివర్న తెల్ల టైలు ముక్కలు. కాంక్రీటు పొరను మీటరున్నర, రెండు మీటర్ల గడులుగా విడగొట్టకపోతే మొదటి వేసవికే చీలుతుంది, చీలికలో దిగిన నీరు షీటు కింద నిలుస్తుంది. ఎక్స్‌పీఎస్ దొరకలేదని టీవీ పెట్టెల్లో వచ్చే మెత్తని తెల్ల థర్మోకోల్ వేయించేవారున్నారు. అది కాలి కింద నలుగుతుంది, నీరు పీలుస్తుంది, రెండేళ్లకు పనికిరాకుండా పోతుంది. అంత ఖర్చు పెట్టలేని ఇంటికి సున్నం మేలు. ప్రతి ఫాల్గుణంలో రెండు పూతలు వేసుకోవాలి, ఒక వానాకాలానికి కరిగిపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. వచ్చిన ఎండను తెలుపు తిప్పికొడుతుంది. యూ-విలువ మాత్రం మారదు. ఈ రెండింటి తేడా తెలిసి ఉండాలి.

తర్వాత కిటికీలు. సంహిత ప్రకారం మన తీరం వైపు లాంటి వేడి, తేమ ప్రాంతంలో, తెరుచుకునే భాగం ఇంటి లోపలి విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం ఉండాలి. 2018 నాటి ఆ సంహిత 500 చదరపు మీటర్ల లోపు స్థలాలకు వర్తించేది కాదు, అయినా కొలబద్దగా బాగా పనికొస్తుంది. 25 చదరపు మీటర్లకు 4.17 చదరపు మీటర్లు కావాలి. నాలుగడుగుల కిటికీ, అంటే 1.2 మీటర్లు ఇటూ అటూ ఉన్నది, చట్రంతో 1.44 చదరపు మీటర్లు. రెక్కలు బయటికి తెరిచే కిటికీ అయితే అందులో 90 శాతం లెక్కకు వస్తుంది, పక్కకు జరిపే స్లైడింగ్ అయితే సగమే. అంటే రెక్కల కిటికీలు నాలుగు, స్లైడింగ్ అయితే ఆరు. ఇప్పుడు అల్యూమినియం స్లైడింగ్ మోజులో ఉన్న మన ఊళ్లలో ఎవరింట్లో ఆరు కిటికీలున్నాయి? ఇంకో తప్పు కూడా చూస్తుంటాం, వీధి తలుపునూ పెరటి తలుపునూ కలిపి లెక్క సరిపెడతారు. నేల మీది ఇంటి బయటి తలుపులు సంహిత లెక్కలోకి రావు. అందులో న్యాయం లేకపోలేదు, రాత్రి తలుపు తీసి పడుకునే రోజులా ఇవి?

ఎండ కోణాల పాఠం దగ్గర మన వాళ్లు విదేశీ కోర్సులను గుడ్డిగా నమ్మి తప్పు చేస్తున్నారు. యూరప్ పాఠం దక్షిణాన పెద్ద అద్దం పెట్టమంటుంది. అక్కడ చలి, వాళ్లకు ఎండ కావాలి. ఇల్లు గాలి చొరబడకుండా బిగించమంటుంది, అదీ చలి కోసమే. వేడి, తేమ ఉన్నచోట చెమట ఆరాలంటే గాలి ఆడాలి. అవే పాఠాలు గోపాల్‌పూర్ తీరంలో అమలు చేయడం నేల విడిచి సాము చేయడమే. రాయగడ అక్షాంశం 19 డిగ్రీల చిల్లర. మే మధ్య నుంచి జూలై నాలుగో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ‘ఉత్తరానికి సజ్జ అక్కర్లేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు, అడుగైనా వేయాలి. దక్షిణం వైపు రెండడుగుల సజ్జ, అంటే 60 సెంటీమీటర్లది, విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నాటి మధ్యాహ్నం 1.7 మీటర్ల నీడ దించుతుంది, నాలుగడుగుల కిటికీ పూర్తిగా నీడలో ఉంటుంది. డిసెంబరులో సూర్యుడి ఎత్తు 47 డిగ్రీలకు పడిపోయేసరికి అదే సజ్జ నీడ 65 సెంటీమీటర్లే, కిటికీలో కింది సగం ఎండ లోపలికి వస్తుంది. కోరాపుట్ చలికి అది కావలసిందే. పడమటి గోడకు మాత్రం సజ్జ ఎంత పెంచినా లాభం లేదు. సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా వస్తుంది. అక్కడ వరండా గాని, నిలువు పలకలు గాని, ఒక వేపచెట్టు గాని పెట్టాలి. పడకగదిని పడమట పెట్టకుండా ఉంటే ఇంకా మేలు. వాస్తు పేరు చెప్పి నైరుతిలో పడకగది పెట్టించేవారితో వాదించే ఓపిక ఉంటే ఈ అంకెలు చేతిలో పెట్టుకోండి.

కంప్యూటర్ మీద లెక్కలు చేసే వారానికి వచ్చేసరికి ఇంకో గోతిలో పడతారు. ఎనర్జీప్లస్, ఓపెన్‌స్టూడియో లాంటివి ఉచితం. వాటికి ఏడాది పొడుగునా గంటగంటకు వాతావరణం చెప్పే ఫైలు కావాలి. మన ఊరిది దొరకదని విశాఖపట్నం ఫైలు వేసేస్తారు. పర్లాకిమిడికి సర్దుకోవచ్చు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు ఒక్కదాని వల్లే తీరానికీ అక్కడికీ ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది, ఇక రాత్రి చల్లదనం వేరు. విశాఖ రాత్రులు ఉక్కపోతగా ఉంటాయి కాబట్టి, రాత్రిపూట కిటికీలు తెరిచి గోడలను చల్లార్చే పద్ధతి పనికిరాదని కంప్యూటర్ చెబుతుంది. కోరాపుట్‌లో ఆ పద్ధతే అన్నిటికన్నా చవకైన మందు. ఫైలు మార్చుకోలేకపోతే ఆ ఫలితాన్ని పక్కనపెట్టి, చేత్తో కొలిచిన లెక్కను నమ్మండి.

చేత్తో కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గది మధ్యలో ఛాతీ ఎత్తున ఒక థర్మామీటరు, బయట నీడలో ఒకటి. పొద్దున్న ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి, వారం రోజులు రాయాలి. కప్పు అడుగు వేడి చూడటానికి తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొంటారు. ప్లాస్టరు మీద, పెంకు మీద అది నమ్మకంగా చెబుతుంది. మెరిసే జింకు రేకు మీద పెట్టితే అబద్ధం చెబుతుంది. మెరిసే లోహం తన వేడిని సరిగా వెదజల్లదు, ఎదురుగా ఉన్నదాని వేడిని అద్దంలా చూపిస్తుంది. చెయ్యి పెడితే కాలే రేకుకు 38 డిగ్రీలు అని చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. రేకు మీద అరచేయంత నల్ల కరెంటు టేపు అంటించి, పది నిమిషాలు ఆగి, టేపు మీద కొలవాలి.

మన్ను పాఠానికి మన జిల్లాలు పెట్టి పుట్టాయి. ఎర్రమట్టి, తెల్లారితే కనిపించే కొండరాయి. భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అనే రాయికి పేరే ఇక్కడి కోందు గిరిజనుల మీద పెట్టారు. కోర్సులో సిమెంటు కలిపి అదిమిన మట్టి ఇటుకల గురించి చెబుతారు. వాటికి ఐఎస్ 1725 ప్రమాణం ఉంది, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్లో నమోదు చేసుకుంటే ఉచితంగా దింపుకోవచ్చు. వీడియోలో అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి, మన్ను పరీక్ష చేయకుండా మొదలుపెట్టినచోటే పని చెడుతుంది. లీటరు సీసాలో మూడో వంతు మన్ను వేయండి. అడుగు లోతు పైమట్టి తీసేశాక వచ్చిన మన్నే వాడాలి, పైమట్టిలో వేర్లు, ఆకులు కుళ్లి ఉంటాయి. నిండా నీళ్లు పోసి చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి, గంట ఆగి మళ్లీ గిలకొట్టి కదపకుండా పెట్టాలి. ఒక నిమిషంలోపు అడుక్కి చేరేది ఇసుక, గులక. అరగంటలో దాని మీద పేరుకునేది ఒండ్రు. మర్నాటికి పైన నున్నగా కూర్చునేది బంకమట్టి. స్కేలు పెట్టి మూడూ కొలవండి. గులక 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతాల చుట్టూ ఉంటే సిమెంటు 5 శాతం చాలు. 24 సెంటీమీటర్ల చదరం, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇటుక పది కిలోలు తూగుతుంది, బస్తా సిమెంటుకు దాదాపు వంద ఇటుకలు వస్తాయి. బంక మరీ ఎక్కువైతే సిమెంటు పట్టదు. ఇసుక కలపాలి, లేదా సున్నానికి మారాలి. నల్లరేగడి జోలికి పోవద్దు.

తడి చూడటానికి కలిపిన మట్టిని పిడికెడు తీసి ఉండలా చుట్టి నడుమెత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే సరి. పొడిగా చెల్లాచెదురైతే నీరు తక్కువ, అప్పంలా అతుక్కుంటే ఎక్కువ. ఆ తర్వాత జరిగే తప్పు ఒకటే, అందరూ చేసేదే: తడపడం. ఇటుక గట్టిగా కనిపించగానే వారానికే గోడ ఎక్కిస్తారు. నీడలో, గోనె కప్పి, నాలుగు వారాలు తడి ఆరకుండా ఉంచాలి. బూడిద ఇటుకలదీ ఇదే కథ. తయారీ యార్డు నుంచి పచ్చిగా వచ్చినవి గోడ కట్టాక కుంచించుకుపోతాయి, ప్లాస్టరు మీద మెట్లు మెట్లుగా పగుళ్లు తేలతాయి, నింద మేస్త్రీ మీద పడుతుంది. బూడిద ఇటుక పర్యావరణానికి మంచిదని పాఠం చెబుతుంది, నిజమే. ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం అడగాలి. టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి లారీ వదిలే బొగ్గుపులుసు వాయువు సుమారు 0.1 కిలో. మూడు కిలోల ఇటుకలు వెయ్యి, 300 కిలోమీటర్ల నుంచి వస్తే దారిలోనే 90 కిలోలు. పక్కనే దొరికే రాయితో పునాది, కింది గోడ కడితే ఆ లెక్క సున్నాకు దగ్గర.

తుపాను గురించి ఈ కోర్సుల్లో చెప్పేది తక్కువ, మనకు కావలసింది ఎక్కువ. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను ఊడ్చేసింది. కట్టడాల మీద గాలి బలానికి ఉన్న భారత ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, తీరానికి పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. గాలి ఒత్తిడి అంటే వేగం వర్గానికి 0.6 రెట్లు. కట్టడం ఎత్తు, చుట్టూ నేల తీరును బట్టి వేసే గుణకాలన్నీ ఒకటి అనుకున్నా చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే 150 కిలోలకు పైన. జింకు రేకు తూకం చదరపు మీటరుకు ఐదారు కిలోలు. కప్పును పైకి లాగే బలం అందులో సగమే అనుకున్నా, రేకును పట్టి ఉంచేది బరువు కాదు, బోల్టు. జె ఆకారపు హుక్కు ఆ లాగుడుకు సాగి నిటారవుతుంది. అంచుల్లో యూ-బోల్టులు, వెడల్పు వాషర్లు, ప్రతి రెండో అల దగ్గర ఒకటి కావాలి. నీడ కోసం చూరు బాగా ముందుకు లాగమని పాఠం అంటుంది, తుపాను దగ్గర అదే చూరు గాలికి చేతికందే పిడి. రెండూ కుదరాలంటే వరండా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా, కాస్త కిందగా వేయాలి. వరండా కప్పు ఎగిరినా ఇల్లు నిలుస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు గుండ్రంగా, చూరు నడుము ఎత్తుకు దించి కట్టింది ఊరికే కాదు. గుణుపురం పైన కొండల్లో సవరల ఇళ్లలో ఎత్తయిన అరుగు, రాయి, మట్టి గోడ, కిందకు దిగిన గడ్డి కప్పు చూడండి. కోర్సు ప్రాజెక్టుకు అంతకన్నా మంచి కొలత పని దొరకదు. ఇంటివారిని అడిగి, టేపు పెట్టి, చూరు ఎత్తు, గోడ మందం, అరుగు వెడల్పు రాసుకోండి. ఫొటో ఒక్కటి తీసి ఊరుకుంటే చదువు కాదు.

గ్రీన్ కట్టడాలకు గ్రేడు ఇచ్చే లీడ్, ఐజీబీసీ, గృహ లాంటి రేటింగ్ పద్ధతుల పరీక్షల గురించి నాలుగు మాటలు. లీడ్ గ్రీన్ అసోసియేట్ పరీక్ష 100 ప్రశ్నలు, రెండు గంటలు, 200కి 170 రావాలి. హైదరాబాద్ కేంద్రంగా 2001 నుంచి ఉన్న ఐజీబీసీకీ, గృహకూ సొంత పరీక్షలున్నాయి. ఇవి ఆయా రేటింగ్ పద్ధతుల నియమాలు తెలుసా అని అడిగేవి, ఇల్లు కట్టడం వచ్చా అని కాదు. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో కన్సల్టెన్సీ ఉద్యోగానికి ఉపయోగం. మన జిల్లాల్లో ఇళ్ల పనికి వాటికన్నా ఎడ్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మేలు. మామూలు కట్టడంతో పోల్చి కరెంటు, నీరు, సామగ్రి తయారీ వల్ల పర్యావరణం మీద పడే భారం, మూడింట్లోనూ 20 శాతం చొప్పున ఆదా చూపించాలని దాని షరతు. మీరు పట్టుకున్న 25 చదరపు మీటర్ల ఇంటిని అందులో పెట్టి చూస్తే కప్పుకు ఎంత, కుళాయికి ఎంత అన్నది ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

మీ పత్రికకు మా విన్నపాలు రెండు. ఆర్కిటెక్చర్ పేరుతో వచ్చే ఆన్‌లైన్ కోర్సు ప్రకటనల కింద ‘ఇది సర్టిఫికెట్ మాత్రమే, ఆర్కిటెక్ట్‌గా నమోదుకు చెల్లదు’ అన్న ఒక్క వాక్యం అచ్చు వేయించండి. రెండోది, ఈ పాఠాల మాటలకు మేస్త్రీల నోట ఉన్న తెలుగు మాటలు వారానికి పది చొప్పున ఇవ్వండి. సజ్జ, చూరు, దూలం, వాసం, అరుగు, కోబా అన్నీ మన నోట ఉన్నవే. ఇంగ్లిషులో చదివిన కుర్రాడు సైటు మీద మేస్త్రీకి చెప్పలేక ఆగిపోయేది చాలాసార్లు మాట దగ్గరే.

జూలై విడతలో చేరదలచినవారు ఫీజు గురించి తర్వాత ఆలోచించినా ఫర్వాలేదు, ఇంటి కొలతలు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. స్లాబు అడుగు వేడి, రాత్రి తొమ్మిది గంటల గది వేడి మే నెలలో రాసుకున్నవే పనికొస్తాయి. జూన్ రెండో వారంలో మొదటి వాన పడితే మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆ అంకెలు దొరకవు.

ఇట్లు,
రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో
ఇళ్ల డిజైన్, నిర్మాణ పర్యవేక్షణ పనుల్లో ఉన్న కొందరు తెలుగువారు